హుడ్ తళతళలాడుతోంది సరే, మరి డక్ట్ లోపల?

హోటల్ వాళ్ళు నాకు ఫోన్ చేస్తే మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే, "అన్నా, చిమ్నీ క్లీనింగ్‌కి ఎంత తీసుకుంటారు?" అని. నేను తిరిగి అడిగేది కూడా ఒకటే, "చిమ్నీ అంటే మీ లెక్కలో ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అండి?" అని. అక్కడ చాలామంది ఆగిపోతారు. ఎందుకంటే వాళ్ళ దృష్టిలో చిమ్నీ అంటే పొయ్యిల పైన వేలాడే స్టీలు గొడుగు, అంటే హుడ్, అది మెరిస్తే క్లీనింగ్ అయిపోయినట్టు. ఈ ఒక్క అపోహ వల్లే డబ్బులు ఖర్చు పెట్టి కూడా ప్రమాదాన్ని నెత్తిమీదే ఉంచుకుంటున్నారు, అందుకే ఈ విషయం మొత్తం ఒకసారి విప్పి చెప్దామని కూర్చున్నా.

ముందు దారి చూద్దాం. పొయ్యి మీద లేచిన పొగ హుడ్‌లోకి వెళ్తుంది, హుడ్‌లో ఏటవాలుగా పెట్టిన ఫిల్టర్లు ఉంటాయి, వాటి కింద నూనె కారడానికి ఓ గాడి, గాడి చివర చిన్న గిన్నె. ఫిల్టర్ల వెనక ఒక ఖాళీ గది లాంటిది ఉంటుంది, దాన్ని ప్లీనం అంటాం. అక్కడి నుంచి డక్ట్, అంటే పొగ పోయే రేకు గొట్టం, మొదలవుతుంది, ఫాల్స్ సీలింగ్ పైన అడ్డంగా పోయి, రెండు మూడు మలుపులు తిరిగి, బిల్డింగ్‌లో గొట్టాల కోసం వదిలిన నిలువు సందులో (షాఫ్ట్) పైకెక్కి టెర్రస్ మీద పొగని లాగే పెద్ద ఫ్యాన్, అంటే బ్లోవర్ దగ్గర తేలుతుంది. పెద్ద హోటళ్ళలో బ్లోవర్ కంటే ముందు నీళ్ళతో పొగని కడిగే స్క్రబ్బరో, కరెంటు చార్జితో నూనె కణాల్ని పట్టే ఈఎస్‌పీ మెషినో కూడా ఉంటుంది. ఇంత పొడవు దారిలో వంటింట్లో నిలబడ్డ మనిషికి కనపడేది హుడ్ ఒక్కటే, మిగతాదంతా సీలింగ్ పైన, గోడ లోపల, మిద్దె మీద.

కొన్నేళ్ళ క్రితం హైదరాబాద్‌లో ఒక బిర్యానీ హోటల్‌కి వెళ్ళాం, పేరు చెప్పను. హుడ్‌లో మొహం చూసుకోవచ్చు, అంత మెరుపు. వేరే వాళ్ళు నాలుగు నెలలకోసారి వచ్చి చేసి వెళ్తున్నారు, బిల్లులు కూడా ఫైల్‌లో వరసగా పెట్టి ఉన్నాయి. సమస్య ఏంటంటే పొగ సరిగ్గా లాగట్లేదు, మాస్టర్లకి కళ్ళు మండుతున్నాయి. ఫిల్టర్లు తీసి టార్చ్ వేస్తే మొదటి మలుపు దాకా శుభ్రంగానే ఉంది, అంటే చెయ్యి ఎంత దూరం అందిందో అంత వరకు అన్నమాట. మలుపు తర్వాత చూడటానికి డక్ట్‌కి తలుపే లేదు. ఓనర్‌ని ఒప్పించి తలుపు కోసి లోపల లైట్ వేస్తే అడుగు భాగమంతా నల్లటి మడ్డి, వేలు పెడితే గోరు మునిగేంత మందం, పై భాగంలో గట్టిపడిన పొర, గీరితే పెంకులు పెంకులుగా ఊడుతోంది. ఆ ఫోటో చూశాక ఆయన కుర్చీలో కూర్చుండిపోయి కాసేపు మాట్లాడలేదు. బిల్లులు నిజమే, పని కూడా జరిగింది, కానీ జరిగింది హుడ్‌కి మాత్రమే.

అసలు అంత నూనె అక్కడిదాకా ఎలా పోతుంది అనేది చాలామందికి ఆశ్చర్యం. బాణలిలో మిర్చి బజ్జీ వెయ్యగానే బుసబుసమంటూ నురగొస్తుంది కదా, పిండిలో ఉన్న తడి ఒక్కసారిగా ఆవిరై నూనెని చీల్చుకుని పైకి వస్తుంది, వస్తూ వస్తూ కంటికి కనపడనంత సన్నటి నూనె తుంపరల్ని మోసుకొస్తుంది. దానికి తోడు వేడి ఎక్కువైతే నూనె కొంత నేరుగా ఆవిరిగా కూడా మారుతుంది. తుంపరలు, ఆవిరి, మసి, మసాలా ధూళి, అన్నీ కలిసి పైకి పోతాయి. డక్ట్ రేకు చల్లగా ఉంటుంది కాబట్టి ఆవిరి దానికి తగిలి తిరిగి నూనె అయిపోతుంది, చలికాలం పొద్దున కిటికీ అద్దానికి చెమ్మ పట్టినట్టే. ఇళ్ళల్లో కూడా స్టవ్ వెనక గోడ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కలు, సజ్జ మీద ఏడాది నుంచి కదపని స్టీలు డబ్బాలు చూడండి, ఆ జిడ్డే ఇది. కాకపోతే ఇంట్లో రోజుకి అరలీటరు నూనె కూడా వాడం, హోటల్లో టిన్నులకి టిన్నులు.

ఇప్పుడు అసలు చిక్కు. నూనె నూనెలాగే ఉండిపోతే వేడినీళ్ళు, సబ్బుతో పోతుంది, గొడవే లేదు. కానీ పల్చటి పొరగా పరుచుకున్న నూనెకి వేడి, గాలి తగులుతూ ఉంటే అది మారిపోతుంది, నూనె అణువులు ఒకదానికొకటి గొలుసులా అతుక్కుని గట్టి పొర అయిపోతాయి. ఇది మనకి కొత్త విషయం ఏమీ కాదు, కొత్త ఇనప దోశ పెనానికి నూనె రాసి కాల్చి రాసి కాల్చి పదును పెడతాం కదా, ఆ నల్లటి నున్నటి పొర ఇదే. పెనం మీద మనం కావాలని తెచ్చుకునేది డక్ట్‌లో వద్దన్నా వచ్చేస్తుంది. పాత రోజుల్లో తలుపులకి అవిసె నూనె రాస్తే ఆరి వార్నిష్‌లా అయ్యేదీ ఇందుకే. సన్‌ఫ్లవర్ ఆయిల్ ఇలా గట్టిపడటంలో పామాయిల్ కంటే ముందుంటుంది, పామాయిల్ ఎక్కువ వాడే చోట చల్లబడ్డాక మైనంలా గడ్డకట్టిన తెల్లటి ముద్దలు కనపడతాయి, అవి గీరితే సులువుగానే వస్తాయి. మూడు నెలల జిడ్డుకీ రెండేళ్ళ జిడ్డుకీ కూలి ఒకేలా ఎందుకుండదో ఇప్పుడు అర్థమై ఉంటుంది, మొదటిది కడిగితే పోతుంది, రెండోదాన్ని చెక్కాలి.

"మరి ఫిల్టర్లు ఎందుకున్నాయి, అవి ఆపవా?" అని అడుగుతారు. ఆపుతాయి, కొంత. వంకర పలకలు ఎదురెదురుగా పెట్టిన ఫిల్టర్‌ని బ్యాఫిల్ ఫిల్టర్ అంటాం, దాన్ని దాటాలంటే గాలి గబగబా పక్కకి తిరగాలి. ఆటో స్పీడుగా మలుపు తిరిగితే ఒళ్ళో సంచి జారి పక్కన పడుతుందే, అలాగే బరువైన నూనె చుక్కలు గాలితో పాటు తిరగలేక పలకకి కొట్టుకుని కిందికి కారిపోతాయి. సన్నటి తుంపర, ఆవిరి మాత్రం గాలితోపాటే తిరిగి లోపలికి పోతాయి. కాబట్టి ఫిల్టర్ ఎంత మంచిదైనా డక్ట్‌లో నూనె చేరకుండా ఆపలేదు, చేరే వేగాన్ని తగ్గిస్తుందంతే. దానికున్న ఇంకో పెద్ద పని వేరే, పొయ్యి మీద మంట లేస్తే అది నేరుగా డక్ట్‌లోకి దూసుకుపోకుండా అడ్డుపడటం. వలలాంటి మెష్ ఫిల్టర్లు ఈ పనికి పనికిరావు, నూనె పట్టేసి వాటికే మంట అంటుకుంటుంది, అందుకే హోటల్ వంటగదుల పొగ దారులకి అమెరికా వాళ్ళు పెట్టుకున్న ప్రమాణం (ఎన్‌ఎఫ్‌పీఏ 96, కింద మళ్ళీ వస్తుంది) వాటిని ఒంటరిగా వాడనివ్వదు. బ్యాఫిల్ పలకలు నిలువుగా ఉండేలా పెట్టాలి, అడ్డంగా పెడితే నూనె కారదు, అక్కడే నిలిచి ఉంటుంది. ఇంత చిన్న విషయం ఎన్ని కిచెన్లలో తప్పుగా ఉంటుందో నేను చూశా. ఇంకా బాధపెట్టేది ఏంటంటే మధ్యాహ్నం రద్దీలో పొగ లాగట్లేదని మాస్టర్ రెండు ఫిల్టర్లు పీకి పక్కన పెట్టేస్తాడు, లాగడం బాగానే ఉంటుంది, కానీ ఆ క్షణం నుంచి పొయ్యికీ డక్ట్‌కీ మధ్య ఏ అడ్డూ లేదు. అతన్ని తిట్టి లాభం లేదు, పొగలో నిలబడి వంట చేసేది అతనే, లాగకపోవడానికి కారణం వెతకాలి.

మంట సంగతి. వంటనూనెలు మామూలుగా 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర పొగ కక్కడం మొదలుపెడతాయి, ఇంకా వేడెక్కి 360 డిగ్రీల చుట్టుపక్కలకి వెళ్తే నిప్పు తగలకపోయినా వాటంతట అవే అంటుకుంటాయి. హై ఫ్లేమ్ మీద కడాయిని తిప్పుతూ చేసే చైనీస్ వంటలో మంట హుడ్ దాకా లేవడం రోజూ చూసేదే. డక్ట్ శుభ్రంగా ఉంటే ఆ మంట లేచి ఆరిపోతుంది. లోపల జిడ్డు ఉంటే మాత్రం అది వత్తి అయిపోతుంది, పైన బ్లోవర్ గాలి లాగుతూనే ఉంటుంది, నిలువు డక్ట్ పొగగొట్టంలా పనిచేస్తుంది, కొలిమికి తిత్తి ఊదినట్టే. ఇలా వంట జిడ్డు (గ్రీజు) పట్టే డక్ట్‌లని పరీక్షించే ల్యాబుల్లో 1093 డిగ్రీల సెల్సియస్ వేడి పెట్టి చూస్తారు, అంటే ఏ స్థాయి మంటకి తట్టుకోవాలని అనుకుంటున్నారో ఊహించుకోండి. మన దగ్గర ఏసీకి వాడే పల్చటి జీఐ (జింకు పూత పూసిన ఇనప) రేకుతో, మధ్యలో సిలికాన్ పూసి బోల్టులు బిగించి చేసిన డక్ట్‌లే ఎక్కువ కనపడతాయి. అమెరికా ప్రమాణం ప్రకారం మామూలు స్టీలైతే కనీసం 16 గేజ్, స్టెయిన్‌లెస్ అయితే 18 గేజ్ మందం ఉండాలి (గేజ్ నంబర్ తగ్గేకొద్దీ రేకు మందం), అతుకులన్నీ చుక్క కారకుండా వెల్డింగ్ చేసి ఉండాలి, కాలిపోయే వస్తువులకి 18 అంగుళాల దూరం ఉండాలి. ఇవన్నీ ఎందుకంటే డక్ట్ లోపలి మంట డక్ట్ లోపలే ఉండిపోవాలని.

ఉండిపోకపోతే ఏమవుతుందో చెప్పడానికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ 2007 ఆగస్టు 29న అమెరికాలో బోస్టన్‌లో జరిగింది. వెస్ట్ రాక్స్‌బరీ అనే చోట ఒక రెస్టారెంట్‌లో ఎగ్జాస్ట్‌లో పేరుకున్న గ్రీజు అంటుకుని, మంట సీలింగ్‌కీ పైకప్పుకీ మధ్య ఖాళీలో ఎవరికీ కనపడకుండా రగులుతూ ఉంది. ఫైర్ సిబ్బంది లోపలికి వెళ్ళేటప్పటికి కింద హాల్లో పెద్దగా ఏమీ లేనట్టే ఉంది, తర్వాత ఒక్కసారిగా పైనుంచి విరుచుకుపడింది. ఇద్దరు ఫైర్‌ఫైటర్లు చనిపోయారు. 1997 డిసెంబరులో లండన్ హీత్రూ ఎయిర్‌పోర్ట్ టెర్మినల్ 1లో ఒక ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్లో మొదలైన మంట కూడా డక్ట్ దారి పట్టి విమానాల్నే ఆపేసింది. రెండు చోట్లా హుడ్ కంటే సీలింగ్ పైన ఏముందనేదే ముఖ్యమైంది.

ఆర్పే సిస్టమ్ ఉంది కదా, అది చూసుకుంటుందిలే అనే ధీమా కూడా వింటుంటా. హుడ్ లోపల చిన్న నాజిళ్ళు పెట్టి, వేడికి కరిగే లింక్ తెగగానే ఒక ద్రావకం చిమ్మే ఏర్పాటు ఉంటుంది, ఆ ద్రావకం వేడి నూనెతో కలిసి సబ్బు నురగలా మారి గాలి తగలకుండా కప్పేస్తుంది. మంచి ఏర్పాటే. అమెరికాలో 1994లో యూఎల్ 300 అనే పరీక్ష తెచ్చి పాత పౌడర్ సిస్టమ్‌లని పక్కన పెట్టింది కూడా జంతువుల కొవ్వు పోయి వెజిటబుల్ ఆయిల్స్ వచ్చి, వేడిని ఎక్కువసేపు పట్టి ఉంచే ఫ్రయర్లు వచ్చి, పౌడర్‌తో ఆరిన మంట మళ్ళీ అంటుకుంటోందనే. కానీ ఆ లింక్ మీదే జిడ్డు మందంగా పట్టి ఉంటే కరగడానికి ఆలస్యం, నాజిల్ మూత మీద మడ్డి గట్టిపడితే చిమ్మడానికి ఆటంకం. నాజిల్ హుడ్‌లో, డక్ట్ మొదట్లో ఉంటుంది, నాలుగో అంతస్తు దగ్గర మలుపులో పేరుకున్న దాన్ని అది చేరలేదు. క్లీనింగ్‌కి అది బదులు కాదు.

ఎన్నాళ్ళకోసారి చెయ్యాలి? ఇక్కడ అందరూ ఒక నంబర్ చెప్పమంటారు, ఒక్క నంబర్ లేదు. ప్రపంచంలో ఎక్కువమంది చూసేది అమెరికా వాళ్ళ ఎన్‌ఎఫ్‌పీఏ 96 అనే ప్రమాణం. అందులో కట్టెలు, బొగ్గులతో వండే చోట నెలకోసారి, 24 గంటలు నడిచేవి, నిప్పులమీద కాల్చేవి, చైనీస్ కడాయి వంటలు ఉన్న చోట మూడు నెలలకోసారి, మామూలు రద్దీకి ఆరు నెలలు, చర్చి వంటశాలల్లాంటి ఎప్పుడో వాడేవాటికి ఏడాది. బ్రిటన్‌లో టీఆర్19 అనే పద్ధతి గంటలు లెక్కపెడుతుంది, రోజుకి 12 నుంచి 16 గంటలు వాడితే మూడు నెలలు, 6 నుంచి 12 అయితే ఆరు నెలలు, అంతకంటే తక్కువైతే ఏడాది. ఇక్కడ ఒక మెలిక ఉంది, అమెరికా పట్టికలో ఉన్నవి క్లీనింగ్ గడువులు కావు, చూసే గడువులు. తెలిసిన మనిషి అన్ని నెలలకోసారి తెరిచి చూడాలి, జిడ్డు పేరుకుంటే కడగాలి. "ఏడాదికి రెండుసార్లు కాంట్రాక్ట్ ఇచ్చాం" అంటే సరిపోదు, రెండుసార్ల మధ్యలో ఏం జరిగిందో ఎవరో ఒకరు చూడాలి.

పేరుకోవడానికి కొలత ఉంది, అంచనా కాదు. దువ్వెనలాంటి పళ్ళున్న చిన్న గేజ్‌తో గీస్తే ఎన్ని మైక్రాన్ల మందం ఉందో తెలుస్తుంది. మనం ప్రింట్ తీసుకునే ఏ4 కాగితం సుమారు 100 మైక్రాన్లు. బ్రిటన్ లెక్కలో సగటు మందం 200 మైక్రాన్లు, అంటే రెండు కాగితాలంత అయితే కడగాల్సిందే, కడిగాక 50 కంటే ఎక్కువ, అంటే సగం కాగితం కంటే ఎక్కువ మిగలకూడదు. అమెరికాలో 2000 మైక్రాన్లు అంటే 2 మిల్లీమీటర్లు వస్తే కడగాలి, కడిగాక అక్కడా 50 మైక్రాన్లకి మించి మిగలకూడదు. ఎప్పుడు కడగాలనే దాంట్లో ఈ రెండింటికీ అంత తేడా ఎందుకు అని నన్నడిగితే నాకు బ్రిటన్ వాళ్ళదే సబబుగా అనిపిస్తుంది, 2 మిల్లీమీటర్ల దాకా ఆగితే మన వంటల మోతాదుకి అది కడిగే దశ దాటి చెక్కే దశకి వచ్చేస్తుంది.

మన దగ్గరికి తెచ్చి చూసుకుంటే, పొద్దున 5కి పూరీతో మొదలై రాత్రి 11కి దోశతో ముగిసే టిఫిన్ సెంటర్ కచ్చితంగా మూడు నెలల వరసలోదే, చిన్నదే కదా అనుకోవద్దు. బొగ్గు తందూర్ ఉన్నచోట నిప్పురవ్వలు ఎగురుతాయి, ఆ పొగ దారిని గ్యాస్ పొయ్యిల డక్ట్‌తో కలపకూడదు, విడిగా ఉండాలి. కట్టెల మీద దమ్ బిర్యానీ చేసేవాళ్ళకి నూనెతోపాటు కట్టె పొగ తారు కూడా పడుతుంది, అది ఇంకా మొండిది. ఫంక్షన్ హాల్ కిచెన్ల కథ వేరు, పెళ్ళిళ్ళ సీజన్లో రాత్రింబగళ్ళు, మూఢంలో ఖాళీ. వాళ్ళకి నెలల లెక్క పనికిరాదు, సీజన్ మొదలయ్యే ముందు ఒకసారి, అయిపోగానే ఒకసారి చేయించుకోవడం మేలు, అయిపోగానే అని ఎందుకంటున్నానంటే ఆ ఖాళీ నెలల్లోనే లోపలున్నది ఆరి గట్టిపడుతుంది.

చట్టం విషయం. దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2011 లైసెన్సింగ్ నిబంధనల్లో షెడ్యూల్ 4 ఉంది కదా, అందులో ఎయిర్ ఫిల్టర్లు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లతో సహా వెంటిలేషన్ ఎలా ఉండాలో రాశారు, మురికి వైపు నుంచి శుభ్రమైన వైపుకి గాలి రాకూడదని. అది ఆహారం కోణం నుంచి రాసింది. ఫైర్ ఎన్‌ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతి, వేరే ఆఫీసు, వేరే కోణం. డక్ట్ మాత్రం ఆ రెండు కోణాల మధ్యలో ఇరుక్కుంటుంది. దానికి తోడు బిల్డింగ్ ఓనర్ది ఒక మాట, అద్దెకున్న హోటల్ వాళ్ళది ఒక మాట, మాల్ అయితే షాఫ్ట్ నాది కాదంటారు హోటల్ వాళ్ళు, నాది కాదంటారు మాల్ వాళ్ళు. ఎన్‌ఎఫ్‌పీఏ 96 దీన్ని సూటిగా తేల్చేసింది, కాగితం మీద రాసి వేరేవాళ్ళకి అప్పగించకపోతే బాధ్యత ఆ సిస్టమ్ ఓనర్‌దే. మీరు అద్దె అగ్రిమెంట్ రాసుకునేటప్పుడు ఈ ఒక్క లైన్ పెట్టుకోండి, డక్ట్ టెర్రస్ దాకా ఎవరు కడిగించాలి, టెర్రస్ తాళం ఎవరి దగ్గర ఉంటుంది అని. రాత్రి రెండింటికి తాళం లేక బ్లోవర్ వదిలేసి దిగివచ్చిన సందర్భాలు మాకున్నాయి.

మా బావమరిది డాలస్ దగ్గర ఆంధ్రా రెస్టారెంట్ నడుపుతున్నాడు. మొదట్లో వాడు కూడా "ఏంటి బావా, మూడు నెలలకోసారి వీళ్ళకి డబ్బులు పొయ్యడమేనా" అని గోల పెట్టేవాడు. అక్కడ పని అయ్యాక హుడ్ మీద స్టిక్కర్ అతికిస్తారు, ఎవరు చేశారు, ఏ తేదీన చేశారు అని, ఎక్కడిదాకా చెయ్యలేకపోయారో అది కూడా రాసి ఇస్తారు. నాకు బాగా నచ్చింది ఆ చివరిది. చెయ్యలేని చోటు రాసివ్వడం అంటే ఆ చోటు ఇక దాగదు, తలుపు కోయించుకోవాల్సిందే. నేను మా రిపోర్టుల్లో అప్పటి నుంచి అదే మొదలుపెట్టా, మొదట్లో ఓనర్లకి నచ్చలేదు, డబ్బులు తీసుకుని చెయ్యలేదని రాస్తావేంటి అన్నారు, రాయకపోతే మీరే మోసపోతారు సార్ అని చెప్పుకోవాల్సి వచ్చింది.

పని జరిగే రాత్రి ఎలా ఉంటుందంటే, హోటల్ మూసేశాక పొయ్యిలు చల్లబడాలి, గ్యాస్ మెయిన్ వాల్వ్ కట్టెయ్యాలి, బ్లోవర్‌కి కరెంటు ప్యానెల్ దగ్గరే ఆపి తాళం వెయ్యాలి. ఈ తాళం ముఖ్యం, మనిషి రెక్కల మధ్య చెయ్యి పెట్టి ఉన్నప్పుడు కింద ఎవరో తెలియక స్విచ్ వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తర్వాత పొయ్యిలు, ఫ్రయర్లు, ఫ్రిజ్‌లు అన్నీ పాలిథిన్‌తో కప్పి, హుడ్ అంచు నుంచి గరాటులా షీట్ కట్టి డ్రమ్ములోకి వదులుతాం, పైనుంచి వచ్చే నల్లనీళ్ళు నేలమీద పడకుండా. పని ఎప్పుడూ పైనుంచి కిందికే, ముందు బ్లోవర్, తర్వాత నిలువు డక్ట్, తర్వాత అడ్డం డక్ట్, ప్లీనం, చివరికి హుడ్. ఎవరైనా హుడ్‌తో మొదలుపెట్టి పైకి వెళ్తున్నారంటే వాళ్ళు పైకి వెళ్ళరని అర్థం, పైన కడిగితే హుడ్ మళ్ళీ పాడవుతుంది కదా. ఈలోపు ఫిల్టర్లు వేడి ద్రావకం తొట్టిలో నానుతూ ఉంటాయి. మందంగా ఉన్నచోట ముందు గీకి బస్తాల్లోకి ఎత్తి, ఆ తర్వాతే మందు కొట్టి, నాననిచ్చి, వేడినీళ్ళ ప్రెషర్‌తో కడగాలి. గీకకుండా మందు కొడితే పై పొర మాత్రం కరిగి కింద పొర అలాగే ఉంటుంది.

మందు అంటే ఎక్కువగా కాస్టిక్ సోడా ఉన్న డిగ్రీజర్. క్షారం నూనెతో కలిస్తే సబ్బు అవుతుంది, అది నీళ్ళతో పోతుంది, అంతే దాని రహస్యం. కానీ కాస్టిక్ అల్యూమినియంని తినేస్తుంది, హైడ్రోజన్ వాయువు వదులుతుంది, అది మండే వాయువు. జీఐ రేకు మీది జింకు పూతని కూడా తింటుంది. కాబట్టి స్టీలు ఫిల్టర్‌కి వాడినదే అల్యూమినియం ఫిల్టర్‌కి వాడితే నల్లబడి చిల్లులు పడుతుంది, జీఐ డక్ట్‌లో ఎక్కువసేపు వదిలేస్తే తుప్పుకి దారి. అడగండి, ఏ మందు వాడుతున్నారు, మా డక్ట్ ఏ రేకు, రెండూ తెలుసా అని. మిగిలిన నీళ్ళు రోడ్డు పక్క వర్షపు కాలవలో పోసే వాళ్ళని రానివ్వకండి, ఆ నూనె చల్లబడి కాలవలో గడ్డకట్టి మీ వీధికే మురుగు తిరిగి వస్తుంది.

ఇక్కడ కుర్రాళ్ళ గురించి చెప్పకుండా ముందుకి పోలేను. కాస్టిక్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు, చర్మం మీద పడితే మొదట మంట కూడా తెలియదు, జారుడుగా అనిపిస్తుంది, తెలిసేటప్పటికి కాలిపోయి ఉంటుంది. తలమీద నుంచి కారే పని ఇది, కళ్ళద్దాలు, మొహానికి షీల్డ్, మోచేతుల దాకా గ్లోవ్స్, బూట్లు లేకుండా నిచ్చెన ఎక్కనివ్వకూడదు. సోడాని నీళ్ళలో కొద్దికొద్దిగా వెయ్యాలి, సోడా మీద నీళ్ళు పోస్తే బుస్సున మరిగి చిందుతుంది. కంట్లో పడితే ఆలోచించకుండా కనీసం పావుగంట పారే నీళ్ళతో కడిగి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. పెద్ద డక్ట్ అయితే సన్నగా ఉన్న కుర్రాణ్ణి లోపలికి పంపే అలవాటు కొందరికి ఉంది, గాలి ఆడని చోటు, మందు ఆవిర్లు, ఆ రేకు మనిషి బరువుకి వేలాడదీసింది కాదు. నేను పంపను, తలుపులు కోయిస్తా. తక్కువ రేటు చెప్పిన వాళ్ళు ఎక్కడ మిగుల్చుకుంటున్నారో చూడండి, చాలాసార్లు ఆ కుర్రాళ్ళ కళ్ళద్దాల దగ్గరే.

తలుపుల గురించి రెండు ముక్కలు. దిశ మారే ప్రతి చోటా డక్ట్‌కి తెరవగలిగే తలుపు ఉండాలి, అడ్డం పోయే డక్ట్‌కి అమెరికా ప్రమాణంలో 12 అడుగులకొకటి. తలుపు డక్ట్ అంత మందం రేకుతోనే ఉండాలి, వేడికి తట్టుకునే గ్యాస్కెట్ ఉండాలి, నూనె కారకూడదు. కొత్త కిచెన్ కట్టుకునేవాళ్ళు ఫాల్స్ సీలింగ్ వెయ్యకముందే ఇది చూసుకుంటే అయిపోతుంది, ఆ తర్వాతైతే సీలింగ్ పగలగొట్టాలి, మళ్ళీ పెట్టాలి. ఇంటీరియర్ డిజైనర్ సీలింగ్ నున్నగా ఉండాలంటాడు, ఆ మాటకి లొంగకండి.

పని సరిగ్గా జరిగిందో లేదో మీరే తేల్చుకోవచ్చు, పెద్ద చదువు అక్కర్లేదు. ప్రతి తలుపు దగ్గరా, బ్లోవర్ లోపలా, కడగక ముందు ఒకటి కడిగాక ఒకటి ఫోటో అడగండి, అదే చోటు నుంచి, అదే కోణంలో, ఎదురుగా ఏదో ఒక గుర్తు కనపడేలా. వాళ్ళు సామాన్లు సర్దుకునేలోపు మీ ఫోన్ టార్చ్ పట్టుకుని ఒక్క తలుపు మీ చేత్తో తెరిపించండి, ఏ తలుపు అనేది మీరు చెప్పండి. తెల్ల గుడ్డతో రుద్దితే నల్లటి మరక కొంచెం వస్తే పర్వాలేదు, జిగురు తగిలితే మళ్ళీ కడగాలి. రోజువారీలో కూడా కొన్ని సూచనలు ఉంటాయి, సీలింగ్ పలక మీద గోధుమరంగు మరక వస్తే పైన డక్ట్ అతుకు కారుతున్నట్టు, బ్లోవర్ చుట్టూ టెర్రస్ మీద నూనె మడుగు ఉంటే అక్కడ బ్లోవర్ కింద నూనె పట్టే గిన్నె నిండి పొంగినట్టు, బ్లోవర్ కొత్తగా దడదడమంటే రెక్కలకి జిడ్డు ఒకవైపు ఎక్కువ పట్టి బ్యాలెన్స్ తప్పినట్టు. ఫిల్టర్లు మాత్రం కాంట్రాక్టర్ కోసం చూడకుండా మీ వాళ్ళే రోజూ రాత్రి తీసి కడగాలి, హుడ్ గాడి చివరి గిన్నె రోజూ ఖాళీ చెయ్యాలి. దీనికే డక్ట్‌లోకి పోయేది చాలా తగ్గుతుంది.

అన్నీ అయ్యాక, తెల్లవారుజామున వాళ్ళు వెళ్ళబోయే ముందు ఒక పని చేయించండి. బ్లోవర్ విప్పి కడిగినప్పుడు మోటర్ వైర్లు ఊడదీసి మళ్ళీ పెడతారు, త్రీ ఫేజ్‌లో రెండు వైర్లు తారుమారైతే ఫ్యాన్ ఉల్టా తిరుగుతుంది. ఉల్టా తిరిగినా ఈ రకం బ్లోవర్ గాలిని కొంచెం లాగుతూనే ఉంటుంది, చప్పుడు కూడా మామూలుగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, మధ్యాహ్నం రద్దీలో వంటగది పొగతో నిండాక మాస్టర్ మళ్ళీ ఫిల్టర్లు పీకుతాడు. పైకి ఎక్కి బ్లోవర్ డొప్ప మీద గీసిన బాణం గుర్తు చూసి, స్విచ్ ఒక్క క్షణం వేసి ఆపి, రెక్క ఎటు తిరిగి ఆగిందో చూడమనండి. తర్వాత కింద ఫిల్టర్లన్నీ పెట్టి, ఒక పొయ్యి వెలిగించి, గిన్నెలో నీళ్ళు మరిగించి, ఆవిరి హుడ్ అంచు దాటి బయటికి వస్తోందా లోపలికే పోతోందా చూసుకుని అప్పుడు కాగితం మీద సంతకం పెట్టండి.